ముక్కు పక్కకి, కళ్ళు మనవైపు

అయిదారేళ్ళ పిల్లాడికి కాగితం, పెన్సిలు ఇచ్చి, పక్కకి తిరిగి నడిచిపోతున్న మనిషి బొమ్మ వెయ్యమనండి. ముక్కు చక్కగా పక్కకే పొడుచుకొస్తుంది. కళ్ళు మాత్రం రెండూ ఉంటాయి. ‘పక్కనుంచి చూస్తే ఒక్క కన్నే కదరా కనపడేది’ అని సరిదిద్దబోతే వాడు మనల్నే జాలిగా చూస్తాడు. ‘మరి మనిషికి రెండు కళ్ళుంటాయిగా!’ అంటాడు. వాడే మంచం గీస్తే కోళ్ళు నాలుగూ నాలుగు దిక్కులకి చాపుకుని ఉంటాయి. కడుపుతో ఉన్న అమ్మని గీస్తే పొట్టలో చెల్లాయి కూడా కనిపిస్తుంది.

ఫ్రాన్సులో జార్జ్ ఆన్రీ ల్యూకే అనే పండితుడు తన కూతురు గీసిన బొమ్మలన్నీ పోగుచేసి 1913లో ఒక పుస్తకం రాశాడు. ఆ తర్వాత 1927లో పిల్లల బొమ్మల మీద మరింత విస్తారంగా ఇంకొకటి రాశాడు. ఈ బొమ్మల్ని తప్పుల తడకలని కొట్టిపారెయ్యడానికి ఆయన ఒప్పుకోలేదు. ఆ వయసు పిల్లలు కంటికి కనిపించినదాన్ని కాక, తమకు తెలిసినదాన్ని గీస్తారని చెప్పాడు. మంచానికి నాలుగు కోళ్ళని తెలుసు కాబట్టి నాలుగూ గీస్తారు. ఏది దేనికి అడ్డం వచ్చిందన్నది వాళ్ళకి పట్టదు.

ఎనిమిది, తొమ్మిదేళ్ళు వచ్చేసరికి పట్టడం మొదలవుతుంది. పక్కవాడి బొమ్మతో, క్యాలెండర్ మీది బొమ్మతో, ఫోన్‌లో ఫొటోతో పోల్చుకుంటారు. గీసిన చోటే చెరిపి చెరిపి కాగితం చిరుగుతుంది. చివరికి ‘నాకు డ్రాయింగ్ రాదు సార్’ అనేస్తారు. ఆ మాట అని పెన్సిలు కింద పెట్టినవాళ్ళు చాలామంది మళ్ళీ ఎత్తరు. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళని అడిగి చూడండి, ఎవరు ఏ క్లాసులో మానేశారో చెబుతారు.

ఒకే వస్తువుని పలు వైపుల నుంచి చూసి ఒకే బొమ్మలో పెట్టే క్యూబిజం చూపించాల్సింది సరిగ్గా ఆ దశలోనని నా వాదన. పది నుంచి పదమూడేళ్ళ మధ్య. అదీ కంప్యూటర్ మీద, అదీ ఎవరి మొహం వాళ్ళ చేతే వేయించాలి. వేసవి సెలవుల్లో మా ఊళ్ళో ఒక కంప్యూటర్ ల్యాబ్‌లో పిల్లలతో ఈ పని చేయిస్తుంటాను. బొమ్మలు వచ్చినవాళ్ళూ వస్తారు, రావనేవాళ్ళూ వస్తారు. రెండో రకమే నాకు ఎక్కువ ఇష్టం.

చేతులు ఎక్కడున్నాయో వెతకండి

క్యూబిజం కథ పాతదే కాబట్టి పొడిగా చెప్పుకుందాం. 1907లో పాబ్లో పికాసో పారిస్‌లో దాదాపు ఎనిమిది అడుగుల కాన్వాసు మీద అయిదుగురు ఆడవాళ్ళని వేశాడు. ఇప్పుడది న్యూయార్క్‌లో మోడరన్ ఆర్ట్ మ్యూజియంలో ఉంది. ‘అవిన్యోన్ యువతులు’ అని పేరు. అందులో కుడిచేతి వైపు కింద కూర్చున్నామె వీపు మనవైపు ఉంటుంది, మొహమూ మనవైపే ఉంటుంది. అది చూసి స్నేహితులే బెంబేలెత్తారు. వాళ్ళలో చిత్రకారుడు జార్జ్ బ్రాక్ ఒకడు. మరుసటి ఏడాది అతను దక్షిణ ఫ్రాన్సులో లెస్తాక్ అనే ఊరి ఇళ్ళని పెట్టెల్లా పేర్చి వేస్తే, లూయి వోసెల్ అనే విమర్శకుడు ఘనాలు, ఘనాలు అని వెక్కిరించాడు. ఆ వెక్కిరింతే క్యూబిజం అనే పేరుగా స్థిరపడింది. అక్కణ్ణుంచి 1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి బ్రాక్ సైన్యంలోకి వెళ్ళేదాకా ఇద్దరూ ఒకరి బొమ్మ ఒకరు చూసుకుంటూ పనిచేశారు. ఆ రోజుల్లో వేసిన కొన్ని బొమ్మల్లో ఏది ఎవరిదో తేల్చడం ఇప్పటికీ కష్టం. ఇద్దరికీ ముందు సెజాన్ అనే చిత్రకారుడు ఉన్నాడు. ఆయన 1906లో పోయాడు. బల్లమీది ఆపిల్ పళ్ళని ఒకవైపు నుంచి, ఆ బల్లనే కాస్త పైనుంచి చూసి, రెండింటినీ ఒకే బొమ్మలో పెట్టేవాడు.

పిల్లలకి ఇదంతా చెప్పను. ఒక్క బొమ్మ చూపిస్తాను. పికాసో 1910లో వేసిన కాన్‌వైలర్ పోర్ట్రెయిట్, షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నది. కాన్‌వైలర్ బొమ్మల వ్యాపారి. పికాసో, బ్రాక్‌ల బొమ్మలు కొని అమ్మేవాడు. ఈ ఒక్క పోర్ట్రెయిట్ కోసం ముప్పై సార్ల దాకా పికాసో ముందు కూర్చున్నాడంటారు. తీరా చూస్తే బొమ్మలో మనిషి లేడు! గోధుమ రంగు, బూడిద రంగు పలకలు ఒకదానిమీద ఒకటి వాలి ఉంటాయి, అంతే.

ప్రొజెక్టర్ మీద ఆ బొమ్మ పెట్టగానే ల్యాబ్ అంతా నవ్వుతుంది. అప్పుడు ‘చేతులు ఎక్కడున్నాయో వెతకండి’ అంటాను. కింద, మధ్యలో, ఒకదానిమీద ఒకటి వేసుకున్న చేతులు ఎవరో ఒకరికి దొరుకుతాయి. ‘ఆ ఉన్నాయ్, ఉన్నాయ్!’ అని కేకలు. చేతులు దొరికితే వాటికి పైన వాచీ గొలుసు దొరుకుతుంది. ఇంకా పైకి వెళ్తే పాపిడి తీసి దువ్విన జుట్టు, ముక్కు, కళ్ళు. పది నిమిషాలయ్యేసరికి కుర్చీలో ఒక పెద్దమనిషి సూటు వేసుకుని కూర్చుని ఉంటాడు. ఇంకాస్సేపు చూస్తే ఆయన మనల్ని కాస్త విసుగ్గా చూస్తున్నట్టు కూడా ఉంటుంది. ముప్పై సార్లు కూర్చుంటే ఎవరికైనా విసుగే కదా.

దాని పక్కనే మరో క్యూబిస్టు హువాన్ గ్రీస్ 1912లో వేసిన పికాసో బొమ్మ పెడతాను. అదీ షికాగోలోనే ఉంది. ఇది పిల్లలకి తేలిక. గీతలు వాలుగా, వరసగా, స్కేలు పెట్టి కొట్టినట్టు ఉంటాయి. మొహం సగం ముందునుంచి, సగం పక్కనుంచి చూసినట్టు ఉంటుంది. చేతిలో రంగుల పలక. కంప్యూటర్ మీద పనిచేసే పిల్లలకి పికాసో కన్నా గ్రీసే దగ్గరివాడని నాకు అనిపిస్తుంది. ఆ తిన్నటి గీతలు మౌస్‌తో గీయడానికి కుదురుతాయి.

ఫిల్టర్ అనే దొంగదారి

మేం వాడేది జింప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్. డబ్బు కట్టక్కర్లేదు, పాత మెషీన్ల మీద కూడా నడుస్తుంది. చిన్నపిల్లలైతే టక్స్ పెయింట్ చాలు. కాస్త మంచి సిస్టమ్ ఉన్నవాళ్ళు క్రిటా వాడుకోవచ్చు. విండోస్‌తో వచ్చే పెయింట్‌లో ఇన్నాళ్ళూ లేయర్లు లేవు. 2023లో విండోస్ 11కి వచ్చాయి. స్కూళ్ళలో అంత కొత్త విండోస్ ఎక్కడుంటుంది గనుక!

జింప్‌తో ఒక తంటా ఉంది. దాని ఫిల్టర్ల మెనూలో, ‘ఆర్టిస్టిక్’ అన్నచోట, ‘క్యూబిజం’ అనే ఫిల్టర్ తయారుగా ఉంటుంది. ఎవరూ చెప్పక్కర్లేదు, మొదటి అరగంటలోనే ఒకడు దాన్ని పట్టేస్తాడు. ‘సార్, నాదైపోయింది!’ వెళ్ళి చూస్తే వాడి ఫొటో చిన్న చిన్న చదరపు ముక్కలుగా, వంకరటింకరగా పేర్చిన గచ్చు పలకల్లా మారి ఉంటుంది. పక్కవాళ్ళందరూ వాడి చుట్టూ మూగుతారు. ‘ఎలా చేశావురా?’

అక్కడే ఆగి మాట్లాడాలి. తిట్టకూడదు, ఎందుకంటే వాడు మెనూ అంతా వెతికి పట్టుకున్నాడు. ‘బానే ఉంది. నీ వెనకవైపు జుట్టు ఎక్కడుంది ఇందులో?’ అని అడుగుతాను. వాడు వెతుకుతాడు. లేదు. ‘నీ చెవి?’ అదీ సరిగ్గా లేదు. ఆ ఫిల్టర్ చేసిందల్లా ఉన్న ఒక్క ఫొటోనే ముక్కలు చెయ్యడం. కెమెరా ఒకే చోట ఉంది, క్షణమూ ఒకటే. ముక్కలు ఎన్నైనా కానీ చూపు మాత్రం ఒక్కటే. ఫొటోని వాలుగా కోసి కాస్త జరిపి అతికించి, క్యూబిజం అని గోడకి అంటించే పాఠాలు కూడా ఈ బాపతే. పగిలిన అద్దంలో చూసుకున్నంత మాత్రాన ఎవరికీ వాళ్ళ చెవి వెనక భాగం కనపడదు.

ఇప్పుడు దీనికి తోడు ఏఐ వచ్చింది. నాలుగు మాటలు టైపు చేస్తే పికాసో వేసినట్టే ఉండే అమ్మాయి బొమ్మ క్షణాల్లో ఇస్తుంది. చూడ్డానికి ఫిల్టర్ కన్నా వెయ్యి రెట్లు నయం. కానీ ఆ మొహం ఎవరిదీ కాదు. మా పిల్లలు కావాలంటే దాన్ని చూడొచ్చు, నేను వద్దనను. ఆ పిల్ల ఏ కుర్చీలో కూర్చుంది, వెలుతురు ఎటునుంచి పడింది అని అడుగుతాను. జవాబు ఉండదు.

కుర్చీ, కిటికీ, ఒక ఫోను

మొదటి రోజు కంప్యూటర్ ముట్టనివ్వను. ఇద్దరిద్దరు జట్టు. ఒకళ్ళు కిటికీ పక్కన కుర్చీలో కూర్చుంటారు, ఇంకొకళ్ళు ఫోను పట్టుకుని చుట్టూ తిరుగుతారు. సెల్ఫీ తీయడానికి వీల్లేదు. ఎదురుగా ఒకటి, కొంచెం ఎడమకి, కొంచెం కుడికి, పూర్తిగా పక్కనుంచి, వెనకనుంచి, స్టూలెక్కి పైనుంచి, నేలమీద కూర్చుని కిందనుంచి. దూరం మాత్రం మారకూడదు, అందుకే కుర్చీ చుట్టూ సుద్దముక్కతో గుండ్రంగా గీత గీస్తాం. వెలుతురు ఒక పక్కనుంచే పడాలి. లైట్లు ఆర్పేస్తాం. కిటికీ వైపు చెంప వెలుగులో, రెండో చెంప నీడలో ఉంటే తర్వాత పని సగం తగ్గుతుంది.

సెల్ఫీ ఎందుకు వద్దంటే, పిల్లలకి తెలిసిన మొహం అదొక్కటే. కాస్త పైనుంచి, గడ్డం కిందికి దించి, రోజూ అదే కోణం. పైగా ముందు కెమెరాలో చూసుకుంటున్నప్పుడు అద్దంలోలాగే ఎడమ కుడి తారుమారుగా కనపడుతుంది. వెనక కెమెరాతో ఇంకొకరు తీసిన ఫొటో చూసి, ‘పాపిడి అటుపక్కకి పోయిందేంటి సార్?’ అని గాభరా పడేవాళ్ళుంటారు. పాపిడి ఉన్నచోటే ఉంది. ఇన్నాళ్ళూ వాళ్ళు చూసుకున్నదే తిరగబడిన మొహం.

ఒక ఏడో తరగతి అమ్మాయి తన పక్కవైపు ఫొటో చూసుకుని చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత ‘నా ముక్కు ఇలా ఉంటుందా?’ అంది. పక్కనున్న స్నేహితురాలు, ‘ఇలాగే ఉంటుంది. నేను రోజూ చూస్తా కదా, నీ పక్కనే కూర్చుంటా’ అంది. ఆ అమ్మాయి పని నేను దగ్గరుండి చూశాను కాబట్టి అదే చెబుతాను.

ఫొటోలు సిస్టమ్‌లోకి ఎక్కించాక మొదట వాటిని చిన్నవి చెయ్యాలి. ఫోన్ ఫొటో ఒక్కోటి నాలుగు వేల పిక్సెళ్ళ వెడల్పు ఉంటుంది. అలాంటివి ఆరేడు ఒకేసారి తెరిస్తే స్కూలు ల్యాబ్ మెషీన్ మూలిగి ఆగిపోతుంది. 1200 పిక్సెళ్ళకి దించితే హాయిగా నడుస్తుంది, ఎ4 ప్రింటుకీ చాలు. తర్వాత ఫైల్ మెనూలో ‘ఓపెన్ యాజ్ లేయర్స్’ అని నొక్కి అన్నీ ఒకే కాగితం మీదికి తెచ్చుకోవాలి. లేయరంటే ఏమిటో పిల్లలకి తోలుబొమ్మతో చెబుతాను. సత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవాళ్ళు తల, మొండెం, చేతులు, కాళ్ళు విడివిడిగా కోసి, కీళ్ళ దగ్గర దారంతో కలుపుతారు. దేనికది కదులుతుంది, అన్నీ కలిసి ఒకే మనిషి. ఇంక వివరించక్కర్లేదు.

అసలు గమ్మత్తు ఒపాసిటీ గీతని సగానికి లాగినప్పుడు జరుగుతుంది. పైనున్న పక్కవైపు మొహం పల్చబడి, అడుగునున్న ఎదుటివైపు మొహం అందులోంచి కనిపిస్తుంది. రెండు కళ్ళ మధ్యనుంచి ముక్కు పక్కకి పొడుచుకొస్తుంది. అయిదేళ్ళప్పుడు గీసి, తప్పని చెరిపేసుకున్న బొమ్మే ఇది. ఆ అమ్మాయి ఫొటోలో నుదుటి గీత ముక్కు మీదుగా పెదవిదాకా దిగి, ఎదుటి మొహాన్ని సరిగ్గా రెండుగా చీల్చింది. బొట్టు ఆ గీత మీద పడింది. ఎటువైపు ఉంచాలో తెలియక కాసేపు అటూ ఇటూ జరిపింది. చివరికి బొట్టుని కూడా కోసేసింది. సగం ఎదుటి నుదుటి మీద, మిగతా సగం కాస్త కిందికి జారి పక్కవైపు నుదుటి మీద. నేను చెప్పింది కాదు, నాకు తోచేది కూడా కాదు.

ఇక్కణ్ణుంచి కొత్త లేయర్ తెరిచి ఫొటోల మీద గీతలు మాత్రమే గీయాలి. ఎదుటి మొహం నుంచి ఒక కన్ను, పక్క మొహం నుంచి ముక్కు, చెవి, వెనకనుంచి జడ. చెవి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఎదురుగా చూస్తే చెవి ఉందంటే ఉంది. పక్కనుంచి చూస్తే బొమ్మకి నట్టనడుమ అదే ఉంటుంది, లోపల ఆ మెలికలన్నీ పెట్టుకుని. పిల్లలు ఎప్పుడూ చెవిని సున్నా చుట్టి వదిలేస్తారు. ఈ బొమ్మలో వదలడం కుదరదు. ఆ అమ్మాయి చెవికి, దాని జూకాకి ఒక పూటంతా పట్టింది.

గీతలయ్యాక ఒక నియమం పెడతాను. ఏ గీతా మొహం అంచు దగ్గర ఆగకూడదు. ముక్కు గీతని పైకి లాగితే జుట్టులోంచి వెళ్ళి వెనక కిటికీ చువ్వలో కలవాలి. భుజం గీత కుర్చీ వీపులోకి పోవాలి. అప్పుడు మొహం, గోడ, కిటికీ అన్నీ ఒకే పలకల గుంపులో భాగమవుతాయి. ఈ కిటుకు సెజాన్ నుంచి పికాసో, బ్రాక్‌లు పట్టుకున్నది.

నీడలు వెయ్యడంలో మాత్రం కంప్యూటర్ నిజంగా ఆదుకుంటుంది. 1910, 1911 నాటి ఆ బొమ్మల్ని దగ్గరగా చూస్తే, చాలా పలకలు ఒక అంచున ముదురుగా మొదలై రెండో అంచుకి వచ్చేసరికి తేలిపోతాయి. అక్కడ పక్క పలకలో కలిసిపోతాయి. కుంచెతో అది రావాలంటే చెయ్యి తిరగాలి. జింప్‌లో ఫ్రీ సెలెక్ట్‌తో పలక చుట్టూ నొక్కుకుంటూ వచ్చి, గ్రేడియంట్ టూల్‌తో ఒక్క గీత లాగితే అదే వస్తుంది. నచ్చకపోతే కంట్రోల్ జెడ్. కాగితం చిరగదు. ‘నాకు రాదు’ అన్న పిల్లలు ఇక్కడ కుదురుకోవడం చూశాను. చెరిపిన మచ్చ కనపడకపోతే ధైర్యం వస్తుంది కాబోలు. కంట్రోల్ ఎస్ కూడా అలవాటు చెయ్యాలి. మా ల్యాబ్‌లో ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు.

రంగుల దగ్గర గొడవ ఖాయం. మొదటి బొమ్మకి గోధుమ, బూడిద, పసుపు మట్టి రంగు, నలుపు తప్ప ఇంకేం ఇవ్వను. పికాసో, బ్రాక్ కూడా మొదట్లో ఆ రంగుల్లోనే ఉండిపోయారు, రంగు హడావుడిలో ఆకారం మునిగిపోకుండా. ‘డల్‌గా ఉంది సార్’ అంటారు పిల్లలు. ఉండనీ. రెండో బొమ్మకి తలుపులు బార్లా తెరుస్తాను. 1912లో పికాసో పేము అల్లిక అచ్చేసిన నూనెగుడ్డ ముక్కని తెచ్చి బొమ్మలో అంటించి, చుట్టూ తాడు కట్టాడు. అదే ఏడాది బ్రాక్ చెక్క నమూనా ఉన్న గోడకాగితం కోసి అతికించాడు. అక్షరాలు, అంకెలు అంతకు ముందే బొమ్మల్లోకి వచ్చేశాయి. మా పిల్లలు బస్సు టికెట్టు, బిస్కెట్ ప్యాకెట్టు, పేపర్లో సినిమా ప్రకటన, అమ్మమ్మ చీర అంచు ఫొటోలు తీసి లేయర్లుగా పెడతారు. సొంత పేరుని టైపు చేసి ముక్కలు చేస్తారు. తలకట్టు ఒకచోట, ఒత్తు ఒకచోట. తెలుగు అక్షరం దీనికి ఇంగ్లీషు అక్షరం కన్నా బాగా లొంగుతుంది.

కెమెరాతోనే కెమెరాని దాటినవాడు

ఈ పద్ధతికి పెద్దదిక్కు ఎవరైనా ఉంటే ఇంగ్లీషు చిత్రకారుడు డేవిడ్ హాక్నీ. 1982లో ఆయన పోలరాయిడ్ కెమెరాతో ఒకే గదిని, ఒకే మనిషిని పదుల ఫొటోలు తీసి పక్కపక్కన పేర్చడం మొదలుపెట్టాడు. ఒక ఫొటోలో చెయ్యి గ్లాసు మీద, పక్క ఫొటోలో గ్లాసు నోటి దగ్గర. అదే ఏడాది నవంబరులో యార్క్‌షైర్‌లో వాళ్ళమ్మని కూర్చోబెట్టి అలాగే తీశాడు. 1986లో కాలిఫోర్నియా ఎడారి రోడ్డుని వందల ఫొటోలతో కట్టిన ‘పేర్‌బ్లాసమ్ హైవే’ అన్నిటికన్నా ప్రసిద్ధం. అందులో రోడ్డు పక్క బోర్డులన్నీ దగ్గరికెళ్ళి ఎదురుగా నిలబడి చూసినట్టే ఉంటాయి. కొన్నింటి కోసం ఆయన నిచ్చెనెక్కాడు కూడా. ఒక్క ఫొటో ఒక్క కంటితో ఒక్క క్షణం చూసిన చూపు, మనుషులు అలా చూడరు కదా అన్నది ఆయన ఫిర్యాదు. ఈ ఫొటోల పనిలో పికాసోకి తాను బాకీ పడ్డానన్న సంగతి దాచుకోలేదు. ఆ తర్వాత 2009లో ఐఫోన్ మీద, 2010 నుంచి ఐప్యాడ్ మీద వేళ్ళతో బొమ్మలు వేశాడు. 2012లో లండన్ రాయల్ అకాడమీలో ఆ ఐప్యాడ్ బొమ్మల్ని గోడంత పెద్దవిగా ప్రింటు తీసి పెట్టారు. అప్పటికి ఆయనకి 74 ఏళ్ళు. ‘కంప్యూటర్ మీద వేస్తే అది బొమ్మెలా అవుతుందండీ?’ అనే తల్లిదండ్రులకి ఈ సంగతి చెబుతుంటాను.

మన దేశంలోనూ క్యూబిజాన్ని అందరికన్నా ముందు అందుకున్నవాడు ఒకాయన ఉన్నాడు. గగనేంద్రనాథ్ టాగూర్. రవీంద్రుడికి అన్న కొడుకు వరస, చిత్రకారుడు అవనీంద్రనాథుడికి అన్న. 1922 డిసెంబరులో కలకత్తాలో జర్మనీలోని బౌహౌస్ అనే కళాపాఠశాల వాళ్ళ బొమ్మల ప్రదర్శన జరిగింది. కాండిన్‌స్కీ, క్లే బొమ్మలు వచ్చాయి. వాటితోపాటు గగనేంద్రుడి క్యూబిస్టు బొమ్మలనీ పెట్టారు. ఆ ఏడాదే కళా చరిత్రకారిణి స్టెల్లా క్రామ్‌రిష్ ఆయన్ని భారతీయ క్యూబిస్టు అంటూ వ్యాసం రాసింది. ఆయన బొమ్మల్లో ఇళ్ళు, మెట్లు, వాకిళ్ళు వెలుగు పలకలుగా విడిపోతాయి. పారిస్ వాళ్ళ బొమ్మల్లో లేని దయ్యాల కథ వాసన ఏదో వీటిలో ఉంటుంది, పిల్లలకి అదే నచ్చుతుంది.

ఇంకా వెనక్కి వెళ్తే అజంతా మొదటి గుహ స్తంభం మీద నాలుగు జింకలకీ కలిపి ఒకే తల చెక్కారు. ఏ జింకని చూస్తే ఆ తల దానిదే. గుజరాత్ జైనుల పాత తాళపత్రాల్లో మనుషులు పక్కకి తిరిగి ఉంటే, అవతలి కన్ను చెంప దాటి బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. ఇవన్నీ క్యూబిజమే అని వాదించను, అలా అంటే అతకదు. ఆ శిల్పుల, చిత్రకారుల లెక్కలు వేరు. కానీ పిల్లలకి చూపిస్తే, ఫొటోలా ఉంటేనే బొమ్మ అన్న పట్టుదల కాస్త సడలుతుంది.

మా వాడి మొహం ఇలా చేశారేంటి?

చివరి రోజు ప్రింట్లు గోడకి అంటిస్తాం. పేర్లు రాయం. వచ్చిన అమ్మానాన్నలు తమ పిల్లల్ని వెతుక్కోవాలి. కొందరు నవ్వుతారు, కొందరికి మనసు చివుక్కుమంటుంది. ‘బంగారంలాంటి మొహం, ఇలా చేశారేంటండీ’ అని ఒకావిడ నన్ను నిలదీసింది. ఆవిడ అత్తగారు మాత్రం బొమ్మ ముందు నిలబడి, ‘ఇది మన వాడి చెవే. తాతగారి చెవి వచ్చింది వీడికి’ అని తేల్చేసింది. తల్లికి ఎదుటి మొహం తెలుసు. ఒళ్ళో పడుకోబెట్టుకుని చెవులకి నూనె రాసిన మనిషికి పక్క మొహం తెలుసు.

ఫొటోల విషయంలో ఒక జాగ్రత్త తప్పనిసరి. పిల్లల మొహాల్ని ఉచితంగా బొమ్మగా మార్చిపెడతామనే యాప్‌లు, వెబ్‌సైట్లు బోలెడున్నాయి. వాటికి ఆ ఫొటోలు ఇవ్వకండి. అక్కడినుంచి ఎక్కడికి పోతాయో మన చేతిలో ఉండదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ళ లోపు పిల్లల సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. చట్టం సంగతి అలా ఉంచి, ఈ పనికి ఇంటర్నెట్ అసలు అక్కర్లేదు. జింప్ ఒకసారి ఎక్కించుకుంటే నెట్ లేకుండానే నడుస్తుంది. బొమ్మ పూర్తయ్యాక ఫొటోల లేయర్లన్నీ పిల్లల చేతే డిలీట్ చేయిస్తాను. ఫోన్లలోవి కూడా. మిగిలేవి వాళ్ళు గీసిన గీతలే.

మార్కులు వెయ్యమని అడుగుతారు. వెయ్యను. దానికి బదులు ఒకటి చేస్తాను. ప్రింటు ముందు పిల్లల్ని నిలబెట్టి, ఏదో ఒక పలక మీద వేలు పెట్టి, ‘ఇది గీసినప్పుడు కెమెరా ఎక్కడుంది?’ అని అడుగుతాను. ప్రతి ముక్కకీ జవాబు ఉండాలి. మొన్న వేసవిలో ఒకడు గడగడా చెప్పుకొచ్చాడు. ‘ఇది కిటికీ వైపు నుంచి సార్. ఇది స్టూలెక్కి తీసింది, సుడి కనపడుతోంది చూడండి. ఇది నేలమీద నుంచి, అందుకే ముక్కు రంధ్రాలు.’ కింద మూలన పెద్ద నల్ల పలక ఒకటుంది. దాని మీద వేలు పెట్టాను.

‘అదా... అది ఊరికే పెట్టా సార్. స్టైల్‌గా ఉంటుందని.’

దాన్ని తీసేసి, అక్కడేముందో చూసి రమ్మని మళ్ళీ కుర్చీ దగ్గరికి పంపించాను.